వంటింటి ప్రశ్నలకు జవాబులు: చైనా చలికాలపు మూలికల సూప్

ప్రశ్న: మేము రెండేళ్లుగా చైనాలోని నాన్‌జింగ్ నగరంలో ఉంటున్నాము. ఇక్కడి చలి సున్నా డిగ్రీల దగ్గరే తచ్చాడుతున్నా, ఇల్లు వెచ్చబడే ఏర్పాటు లేకపోవడంతో ఎముకల్లోకి దిగుతుంది. దోంగ్‌జీ అనే చలికాలపు పండుగ రోజున గొర్రెమాంసంతో కలిపి వండుకోమని మా పక్కింటి పెద్దావిడ ఒక పొట్లం ఇచ్చారు. అందులో వాము, సోంపు కలిసినట్టు ఘాటుగా వాసన వేసే లేత గోధుమరంగు బిళ్లలు, మధ్యలో పసుపు, అంచున తెలుపు ఉన్న పొడుగాటి చీలికలు, ముడతలు పడిన ఎర్రటి పళ్లు, కిస్‌మిస్ కన్నా చిన్నవైన ఎర్రటి గింజల్లాంటివి ఉన్నాయి. ఆవిడ చెప్పిన దానిలో నాకు సగమే అర్థమయింది. ఇవేమిటో, ఏది ఎంత వేయాలో, ఎలా వండాలో వివరంగా చెప్పగలరా?
— ఒక పాఠకురాలు, నాన్‌జింగ్

జవాబు: మీ వర్ణన చక్కగా ఉన్నందువల్ల పొట్లం విప్పకుండానే పోల్చుకోవచ్చు. వాము వాసన వేసేది దాంగ్‌గుయ్ అనే వేరు. కొత్తిమీర, జీలకర్ర, వాము, సోంపు ఏ కుటుంబానికి చెందినవో ఇదీ ఆ కుటుంబానిదే కాబట్టి మీ ముక్కు పొరబడలేదు. చైనా వాయవ్యంలోని గాన్సూ రాష్ట్రంలో మిన్‌షియాన్ అనే ఎత్తైన ప్రాంతం దీనికి పేరుపడ్డది. పొడుగాటి చీలికలు హువాంగ్‌చీ వేరువి. ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలి చూస్తే కొంచెం తీపి, దాని వెనుక పచ్చి పప్పు రుచి తగిలి, చివరికి పీచు మిగులుతుంది. అది చిక్కుడు కుటుంబపు మొక్క కావడమే ఆ రుచికి కారణం. ముడతల ఎర్రపళ్లను చూసి చాలామంది ఖర్జూరాలనుకుంటారు కానీ, అవి మన భోగిపళ్లకు దగ్గరి చుట్టాలైన చైనా రేగుపళ్లను ఎండబెట్టినవి. చైనావారు వాటిని హోంగ్‌జావ్ అంటారు. చివరివి గోజీ పళ్లు, నింగ్‌షియాలోని జోంగ్‌నింగ్ నుంచి వచ్చేవి వీటిలో పేరున్నవి.

ఈ నాలుగింటిలో ఈ సూప్‌కు నిజంగా అవసరమైనది దాంగ్‌గుయ్ ఒక్కటే. నా మాట కొంచెం కటువుగా అనిపించవచ్చు గానీ, ఇంట్లో మూలికల సూప్ చెడిపోవడానికి ప్రధాన కారణం దినుసులు తక్కువ కావడం కాదు, ఎక్కువ కావడం. దుకాణాల్లో పదిరకాలు కలిపి అందంగా కట్టిన పొట్లాలు చూసి, అన్నీ వేస్తే అంత బలమని భ్రమపడతాము. మీ పక్కింటి పెద్దావిడ చెప్పినదానికి మూలమైన వంటకం మూడే దినుసులది: గొర్రెమాంసం, అల్లం, దాంగ్‌గుయ్. దీన్ని హాన్ వంశ పాలన చివరి కాలానికి చెందిన, హెనాన్ ప్రాంతపు నాన్‌యాంగ్‌లో పుట్టిన జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు సుమారు 1800 ఏళ్ల క్రితం నమోదు చేశాడు. చలి వల్ల కడుపులో వచ్చే నొప్పికీ, ప్రసవం తర్వాత స్త్రీకి వచ్చే కడుపునొప్పికీ ఆయన దీన్ని చెప్పాడు. బాలింతకు శొంఠి, పిప్పళ్లు కలిపి కాయం చేసిపెట్టే ఇళ్లలో పెరిగిన మనకు ఈ ఆలోచన కొత్తదేమీ కాదు.

ఆయన చెప్పిన పాళ్లు ఆసక్తికరమైనవి. జిన్, లియాంగ్ చైనావారి పాత తూకాలు, షెంగ్ నీళ్ల కొలత. మాంసం ఒక జిన్ అయితే అల్లం ఐదు లియాంగ్‌లు, దాంగ్‌గుయ్ మూడు లియాంగ్‌లు వేసి, ఎనిమిది షెంగ్‌ల నీళ్లు మూడు షెంగ్‌లయ్యేదాకా మరిగించి, వెచ్చగా ఉండగా రోజుకు మూడుసార్లు తాగమన్నాడు. జిన్‌కు పదహారు లియాంగ్‌లు కాబట్టి, ఆ లెక్కన అరకిలో మాంసానికి 150 గ్రాములకు పైగా అల్లం, 90 గ్రాములకు పైగా దాంగ్‌గుయ్ పడతాయి. చలి మరీ ఎక్కువైతే అల్లాన్ని ఏకంగా మాంసమంత బరువుకు పెంచమన్నాడాయన. అది రోగికిచ్చే మందు, ఇంటిల్లిపాదీ కూర్చుని తాగే సూప్ కాదు. నేటి చైనా వంటిళ్లలో అరకిలో మాంసానికి 30 నుంచి 50 గ్రాముల అల్లం, 10 గ్రాముల దాంగ్‌గుయ్ వేస్తారు, మీరూ ఆ కొలతనే పట్టుకోండి. పది గ్రాములంటే మామూలు బిళ్లలు ఆరేడు ఉంటాయి. అంతకు మించితే సూప్ చేదెక్కి మందుల కొట్టు వాసన వేస్తుంది, పిల్లలు గిన్నె ముట్టుకోరు.

ఇంతకీ దాంగ్‌గుయ్ అనే పేరుకు ‘తిరిగి రావాలి’ అనే అర్థం కూడా వస్తుంది. హాన్ వంశ పాలన చివరి రోజుల్లో త్సావ్ త్సావ్ అనే సేనాధిపతి, ఎదుటి పక్షంలో ఉన్న తైషి త్సీ అనే యోధుడికి ఒక పెట్టె పంపాడట. అందులో ఉత్తరం లేదు, ఈ వేరు మాత్రమే ఉంది, తన వైపు వచ్చేయమని దాని భావం. మీ పక్కింటావిడ ఉద్దేశం అంత దూరం వెళ్లి ఉండదనుకోండి.

ఇక వండే పద్ధతి. కాలు లేదా మెడభాగం మాంసం, కొంత ఎముకతో అరకిలో తీసుకుని పెద్ద ముక్కలు చేయించండి. ముక్కలను చల్లటి నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టాలి గానీ, కాగే నీళ్లలో వేయకూడదు. చన్నీళ్లు మెల్లగా వేడెక్కుతున్న కొద్దీ లోపలి రక్తం, మడ్డి బయటికి వచ్చి బూడిదరంగు తెట్టుగా తేలతాయి, వేడినీళ్లలో వేస్తే పైపొర ఒక్కసారిగా బిగుసుకుపోయి అదంతా లోపలే ఉండిపోతుంది. నాలుగు ముక్కలు చితక్కొట్టిన అల్లం, దొరికితే రెండు చెంచాల షావ్‌షింగ్ అనే పసుపురంగు బియ్యపు సారా కూడా అందులో వేస్తే నీచు వాసన తగ్గుతుంది. సారా వద్దనుకునేవారు వదిలేయవచ్చు, అల్లమొక్కటే ఆ పని చాలావరకు చేస్తుంది. నీళ్లు మరిగాక అయిదు నిమిషాలు ఉంచి, ఆ నీళ్లు పారబోసి, ముక్కలను గోరువెచ్చని నీళ్లతో కడగాలి. ఈ మెట్టు దాటవేసినవారి సూప్ మసకగా, జిగటగా ఉంటుంది.

ఆ తర్వాత మట్టిపాత్ర. నాన్‌జింగ్‌లో ఏ సంతలోనైనా మూతగల మట్టి సూప్ పాత్ర దొరుకుతుంది. ఇనుప మూకుడులో మూలికలు ఉడికించడాన్ని చైనా వంటలోనూ వైద్యంలోనూ ఒప్పుకోరు, మట్టి, పింగాణీ లేదా స్టీలు పాత్రే మేలు. మట్టిపాత్రను ఖాళీగా పొయ్యి మీద పెట్టకండి, వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్లు పోయకండి, రెండింటిలో ఏది చేసినా పగులుతుంది. మాంసం, మందంగా కోసిన అల్లం ముక్కలు, దాంగ్‌గుయ్ బిళ్లలు వేసి రెండు లీటర్ల వేడినీళ్లు పోసి, ఒక పొంగు రాగానే మంట బాగా తగ్గించండి. అక్కడి నుంచి గంటన్నర, రెండు గంటలపాటు నీటి మీద ఒకటీ అరా బుడగ తేలే సన్న సెగ చాలు. కుతకుతమని ఉడికితే మాంసం పీచులు పీచులుగా విడిపోయి, సూప్ పాలలా తెల్లబడుతుంది. అది ఇష్టపడేవారూ ఉన్నారు గానీ, ఈ వంటకానికి తేటదనమే అందం. మధ్యలో నీళ్లు తగ్గుతాయేమోనని మూత తీసి పదేపదే చూడవద్దు. మొదటే సరిపడా పోయాలి, తప్పనిసరైతే మరిగే నీళ్లే కలపాలి.

ఎర్ర రేగుపళ్లు ఐదారు, గింజ తీసి, చివరి గంటలో వేయండి. గింజతో వేస్తే ‘వేడి చేస్తుంద’ని చైనావారు గట్టిగా నమ్ముతారు. గోజీ పళ్లు ఒక చెంచాడు, దించడానికి పది నిమిషాల ముందు వేయాలి, ముందే వేస్తే చితికిపోయి పులిసినట్టవుతాయి. ఉప్పు అన్నిటికన్నా చివర, పొయ్యి కట్టేశాక. కొంచెం తెల్ల మిరియాల పొడి చల్లుకుంటే సరి. హువాంగ్‌చీ సంగతేమిటంటారా? దాన్ని దాంగ్‌గుయ్‌తో కలిపే ఆనవాయితీ 13వ శతాబ్దంలో లి దోంగ్‌యువాన్ అనే వైద్యుడు చెప్పిన మరో మందు నుంచి వచ్చింది. అందులో హువాంగ్‌చీ ఐదు పాళ్లు, దాంగ్‌గుయ్ ఒక పాలు. మీరు వేయదలిస్తే నాలుగైదు చీలికలు చాలు, సూప్‌కు కాస్త తీపి వస్తుంది, తినేటప్పుడు మాత్రం పీచు ఏరి పారేయాలి. మొదటిసారి అది లేకుండానే వండి, రుచి తెలుసుకున్నాక రెండోసారి కలపమని నా సలహా.

దోంగ్‌జీ అంటే ఏడాదిలో అతి పొట్టి పగలు ఉండే రోజు, సాధారణంగా డిసెంబరు 21 లేదా 22. ఆ రోజు నుంచి తొమ్మిదేసి రోజుల చొప్పున తొమ్మిదిసార్లు, అంటే 81 రోజులు లెక్కపెట్టి చలికాలం పోయిందంటారు. సిచువాన్ రాజధాని చెంగ్దూలో ఆ రోజు గొర్రెమాంసం సూప్ దుకాణాల ముందు బారులు తీరతారు, ఉత్తరాదిలో జియావ్‌జ్ అనే మాంసపు కజ్జికాయల్లాంటివి తింటారు. చలికి చెవులు పగిలిన పేదలకు గొర్రెమాంసం, మూలికలు చుట్టిన చెవి ఆకారపు ముద్దలు ఉడికించి పెట్టినది కూడా జాంగ్ జోంగ్‌జింగేనని ఒక జానపద కథ ఉంది. మీ ఊరి చలి గురించి మీరన్నది నిజమే. చిన్‌లింగ్ పర్వతాలు, హువాయి నది కలిపే గీతకు ఉత్తరాన ఉన్న నగరాల్లో ప్రభుత్వమే గొట్టాల ద్వారా ఇళ్లకు వెచ్చదనం అందిస్తుంది. 1950ల నుంచి సాగుతున్న ఆ ఏర్పాటు గీతకు దక్షిణాన ఉన్న నాన్‌జింగ్‌కు వర్తించలేదు. కాబట్టి బీజింగ్‌లో కన్నా మీ ఇంట్లోనే ఈ సూప్‌కు ఎక్కువ పని ఉంది.

రెండు పూటలు తాగాక నోటిలో పొక్కులు, గొంతుమంట వస్తే కంగారు పడకండి. మన ఇళ్లలో ‘వేడి చేసింది’ అని దేన్నంటామో, చైనాలో దాన్నే ‘షాంగ్‌హువో’ అంటారు, నిప్పు పైకెక్కిందని అర్థం. చలువ చేసేవి, వేడి చేసేవి అనే విభజన రెండు దేశాల వంటిళ్లలోనూ ఒకేలా వినిపించడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. అందుకే గొర్రెమాంసం సూప్‌లో తెల్ల ముల్లంగి ముక్కలు వేస్తారు, వేడికి విరుగుడుగానూ, నీచు వాసనకు విరుగుడుగానూ. ‘చలికాలం ముల్లంగి, ఎండాకాలం అల్లం తింటే వైద్యుడి చీటీతో పనిలేదు’ అని అక్కడొక సామెత. వారానికి ఒకటి రెండుసార్లు, ఒక్కో గిన్నె చాలు.

ప్రశ్న: సింగపూర్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఒక్కడినే ఉంటున్నాను. రెండు గంటలు పొయ్యి దగ్గర నిలబడే తీరిక లేదు. ఇలాంటి సూప్ ప్రెషర్ కుక్కర్‌లో చేయవచ్చా?
— ఒక పాఠకుడు, సింగపూర్

జవాబు: చేయవచ్చు. తెట్టు తీసే మొదటి మెట్టు మాత్రం మానవద్దు. మాంసం, అల్లం వేసి నాలుగైదు కూతలు వచ్చాక ఆపి, ఆవిరి దానంతటది పోయాక మూత తీసి, అప్పుడు దాంగ్‌గుయ్, ఎర్ర రేగుపళ్లు వేసి మూత లేకుండా సన్న సెగ మీద ఇరవై నిమిషాలు ఉంచండి. మూలికను కూడా కుక్కర్‌లో బిగించి ఉడికిస్తే దాని చేదంతా సూప్‌లోకి దిగుతుంది. అన్నం కుక్కర్‌లో సూప్ మీట ఉంటే అది ఇంకా మేలు, నిద్రపోయే ముందు పెట్టుకోవచ్చు. అసలు పొయ్యి దగ్గర నిలబడాల్సిన పని లేని పద్ధతి ఒకటి కాంటన్ ప్రాంతంవారిది. మూత ఉన్న పింగాణీ జాడీలో అన్నీ వేసి, ఆ జాడీని నీళ్లున్న గిన్నెలో పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. నేరుగా ఉడికిస్తే మూడు గంటలు, జాడీలో అయితే నాలుగు గంటలని వారి లెక్క. నా లెక్కలో మాంసానికి అంతసేపు అక్కరలేదు. మీ ఊరిలో గొర్రెమాంసం కన్నా కోడి సులువు అనుకుంటే, కోడికి గంట చాలు.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు షాంఘైలో ఉన్నారు. మేము ఈ చలికాలం వారి దగ్గరికి వెళుతున్నాము. మేము శాకాహారులము. మాంసం లేని చైనా మూలికల సూప్ ఏదైనా ఉందా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఉంది, అది మాంసం సూప్‌కు నకలు కూడా కాదు. బౌద్ధ మఠాల వంట చైనాలో శతాబ్దాలుగా ఉంది కాబట్టి పుట్టగొడుగులు, వేరుశనగలు, తామరదుంపలతో సూప్ వండడం వారికి చేతనైన విద్యే. గుప్పెడు వేరుశనగలు రాత్రి నానబెట్టండి. ఎండిన షియాంగ్‌గూ పుట్టగొడుగులు ఆరు గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోయకుండా వడకట్టి సూప్‌లో పోయండి, రుచంతా అందులోనే ఉంటుంది. తామరదుంప ముక్కలు, షాన్‌యావ్ దుంప, ఎర్ర రేగుపళ్లు, అల్లం వేసి గంటసేపు సన్న సెగ మీద ఉంచితే చాలు. షాన్‌యావ్ మన పెండలానికి అక్కచెల్లెలు. పచ్చిది చెక్కుతుంటే జిగురు తగిలి, కంద కోసినప్పటిలా చేతులు దురదపెడతాయి, కాబట్టి చేతి తొడుగులు వేసుకోమని కోడలికి ముందే చెప్పండి. ఈ షాన్‌యావ్‌ను మాత్రం చివరి ఇరవై నిమిషాల్లో వేయాలి, లేకపోతే కరిగిపోతుంది. దాంగ్‌గుయ్ కావాలంటే రెండు బిళ్లలు మించవద్దు. మాంసపు కొవ్వు లేని సూప్‌లో దాని ఘాటు అణగదు.

ఇంతకన్నా సులువైనది, పెద్దవారికి సాయంత్రాలు హాయిగా ఉండేది అల్లం, ఎర్ర రేగుపళ్ల కషాయం. మూడు అల్లం ముక్కలు, ఐదు గింజ తీసిన రేగుపళ్లు అరలీటరు నీళ్లలో పావుగంట మరిగించి, వారు ‘హోంగ్‌థాంగ్’ అనే ఎర్ర చక్కెర ముక్క వేస్తారు. ఆ ఎర్ర చక్కెర చెరకురసం కాచి ఆరబెట్టినదే, అంటే మన బెల్లమే. మీరు వెళ్లేటప్పుడు అర కిలో బెల్లం పట్టుకెళ్లినా సరిపోతుంది గానీ, అక్కడ ఆ చక్కెర ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. మధుమేహం ఉన్నవారు బెల్లం మాని, రేగుపళ్లు రెండింటికి తగ్గించుకోవాలి, వాటిలో తీపి తక్కువేమీ కాదు.

ప్రశ్న: మా నాన్నగారికి గుండె కవాటం మార్చారు. ఆయన రక్తం గడ్డకట్టకుండా మందు వాడుతున్నారు. మా అన్నయ్య చైనా నుంచి ‘చలికాలపు బలం సూప్’ అని ఒక మూలికల పొట్లం తెచ్చాడు. మూలికలే కదా, ప్రమాదం లేదంటున్నాడు. నాన్నగారికి ఇవ్వవచ్చా? నేను ఐదో నెల గర్భవతిని, నేను తాగవచ్చా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఇద్దరూ తాగవద్దు. దాంగ్‌గుయ్ వార్‌ఫరిన్ వంటి మందుల ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారితీయగలదు, గోజీ పళ్ల విషయంలోనూ అలాంటి సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కవాటం మార్చినవారికి, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే ఐఎన్‌ఆర్ అంకె కొంచెం అటూ ఇటూ అయినా ప్రమాదమే కాబట్టి, మీ నాన్నగారి విషయంలో ‘కొంచెం తాగితే ఏమవుతుంది’ అనే మాటకు చోటు లేదు. గర్భిణులకు దాంగ్‌గుయ్ ఇవ్వవద్దనేది ఆధునిక వైద్యుల సలహా, చైనా వైద్యులు కూడా గర్భిణికి దాన్ని సొంతంగా వాడుకోనివ్వరు. జాంగ్ జోంగ్‌జింగ్ ప్రసవం తర్వాతి స్త్రీకి చెప్పిన సూప్ అని పైన రాశాను, ముందు కాదు.

మూలిక అంటే ప్రమాదం లేనిదనే మీ అన్నయ్యగారి మాట గురించి కొంచెం చెప్పాలి. చైనా ఆరోగ్య శాఖ వంటలోనూ మందులోనూ వాడదగిన దినుసులకు ఒక జాబితా పెట్టుకుంది. 2019లో అందులో చేర్చిన ఆరింటిలో దాంగ్‌గుయ్‌తో పాటు మన పసుపు, పిప్పళ్లు, కుంకుమపువ్వు ఉన్నాయి, అవి కూడా మసాలా దినుసులుగా, అంటే చిటికెడు పాళ్లలో వాడుకోవడానికే. హువాంగ్‌చీ 2023లో చేరింది. అక్కడి ప్రభుత్వమే ఇంత ఆచితూచి చేరుస్తుంటే, ఊరూపేరూ లేని పొట్లాన్ని మనం కళ్లు మూసుకుని ఉడికించడం ఎందుకు?

పొట్లంలో ఫూజ్ అనే పేరుతో నల్లటి లేదా పసుపు రంగు బిళ్లలున్నాయేమో ముఖ్యంగా చూడండి. అది మన వత్సనాభి జాతి వేరు. శుద్ధి చేసి, గంటల తరబడి ఉడికించి వాడతారు గానీ, యున్నాన్ రాష్ట్రంలో చలికాలపు మాంసం సూప్‌లో ఈ జాతి వేళ్లు సరిగా ఉడకక నాలుక తిమ్మిరెక్కి, గుండె లయ తప్పి మనుషులు చనిపోయిన ఘటనలున్నాయి. వంటింట్లో దానికి చోటు లేదు. పేర్లు తారుమారైతే ఏమవుతుందో 1990ల మొదట్లో బెల్జియంలో తెలిసింది. బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి ఇచ్చిన గుళికల్లో ఒక చైనా వేరుకు బదులు, పేరు దగ్గరగా ఉన్న మరో వేరు కలిసి, పదుల సంఖ్యలో స్త్రీల మూత్రపిండాలు చెడిపోయాయి. ఆ రెండో వేరు మన గాడిదగడప, ఈశ్వరి ఉన్న జాతికి చెందినదే.

మందుల మాట లేని ఆరోగ్యవంతులు కూడా జ్వరం, జలుబు ఉన్నప్పుడు ఇలాంటి బలపు సూప్ మానాలి. దొంగ లోపల ఉండగా తలుపు గడియ పెట్టినట్టని చైనా వైద్యులు దీన్ని వర్ణిస్తారు. యూరిక్ ఆమ్లం పెరిగి కీళ్లవాతం వచ్చినవారికి గంటల తరబడి కాచిన మాంసపు రసం పడదు. మూత్రపిండాల జబ్బు, రక్తపోటు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ముట్టుకోరాదు. మూలికలు కొనేటప్పుడు మరీ తెల్లగా, మరీ ఎర్రగా మెరిసేవాటిని పక్కనపెట్టి, వాసన చూడండి. పుల్లటి ఘాటు తగిలితే గంధకపు పొగ పట్టించినవి.

మీ అన్నయ్య తెచ్చిన పొట్లంపై ఉన్న కాగితం పారేయకుండా, లోపలి దినుసులతో సహా మీ నాన్నగారి హృద్రోగ వైద్యుడికి చూపించండి, ఇప్పటికే ఒకటి రెండుసార్లు ఆయన తాగి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పి ఐఎన్‌ఆర్ పరీక్ష వెంటనే చేయించండి. ఈసారి వచ్చేటప్పుడు అన్నయ్యను ఎండు పుట్టగొడుగులు తెమ్మనండి.